ముఖానికి దారి

సేతువు అమర్చిన తర్వాత సన్యాసిరావు మొదటిసారి నవ్వినప్పుడు, గదిలో మిగతావాళ్ళ నవ్వులు అప్పటికే ఆగిపోయాయి.

ఆ ఉదయం అతన్ని మంచం మీద కూర్చోబెట్టారు. కొన్ని నెలల తర్వాత సొంతంగా దగ్గాడు. దగ్గు ఎంత గట్టిగా వచ్చిందంటే పక్కనున్న నర్సు ఉలిక్కిపడి చేతిలోని ట్రే జారవిడిచింది. "పాపం, హార్బర్లోకి ఓడ వచ్చిందనుకుంది," అంది డాక్టర్ రెహానా. అందరూ నవ్వారు. ఇంకా చిన్నగా దగ్గుతూనే ఉన్న సన్యాసిరావు ముఖం మాత్రం గోడలా ఉంది. రెహానా మాట మార్చి మందుల సంగతి చెబుతుండగా అతని పెదవులు విచ్చుకున్నాయి. బుగ్గలు పైకి లేచాయి. కళ్ళ చివర ముడతలు పడ్డాయి. నిండైన నవ్వే, కాని ఒంటరి నవ్వు.

"మాస్టారు ట్యూబ్‌లైటండోయ్," అన్నాడు ఫిజియోథెరపిస్టు. మళ్ళీ అందరూ నవ్వారు.

గది మూల ల్యాప్‌టాప్ ముందు కూర్చున్న ఇందుమతి నవ్వలేదు, ఆశ్చర్యపోనూ లేదు. ఆ నవ్వు ఎందుకు ఆలస్యమైందో ఆమెకు తెలుసు. ఆలస్యమైనా ఫరవాలేదని చిప్‌కు చెప్పింది ఆమే.

సన్యాసిరావు విశాఖ పోర్టులో టగ్గు మాస్టరు. పెద్ద ఓడలు ఇరుకైన హార్బర్లో సొంతంగా తిరగలేవు. వాటిని తాళ్ళతో లాగి, ముక్కుతో నెట్టి, అవి ఆగే చోటైన బెర్తుకు చేర్చే చిన్న, బలమైన పడవ టగ్గు. దాన్ని నడపడంలో అతనికి మంచి పేరుండేది. ఒక మధ్యాహ్నం డెక్కు మీద ఖలాసీలతో కలిసి అన్నం తింటూ కుప్పకూలాడు. మెదడును వెన్నుపాముతో కలిపే కాడలో రక్తం గడ్డకట్టింది. అతని ఆలోచన చెక్కుచెదరలేదు. ఆలోచన కిందికి దిగే దారి తెగిపోయింది.

అతను స్పృహలో లేడనే డాక్టర్లు చాలా రోజులు అనుకున్నారు. ఉన్నాడని మొదట పట్టుకున్నది కూతురు ప్రసూన. ఆ అమ్మాయికి పుట్టుకతోనే వినపడదు. మనుషుల ముఖాలూ చేతులూ చూసి లోకాన్ని తెలుసుకున్న పిల్ల. మంచం పక్కన నిలబడి తండ్రి కళ్ళలోకి చాలాసేపు చూసి, తల్లి కనకమహాలక్ష్మి వైపు తిరిగి చేతులతో చెప్పింది: "నాన్న ఇక్కడే ఉన్నాడు. అవునంటే కళ్ళు పైకెత్తుతున్నాడు."

అలా అతని పేరు సాగర్‌నగర్ దగ్గరి పరిశోధన కేంద్రానికి చేరింది. అక్కడ నాడీ శస్త్రవైద్యురాలు రెహానా, చిప్‌ల రూపకర్త ఇందుమతి కలిసి పనిచేస్తున్నారు. వాళ్ళు తయారుచేసిన చిప్‌కు సేతువు అని పేరు పెట్టారు. గోరంత ఉంటుంది. మెదడు ఇచ్చే ఆజ్ఞల్ని తెగిన చోటికి పైన అందుకుని, కిందనున్న నరాలకు అందిస్తుంది. అంతకుముందు వచ్చిన చిప్‌లు ఒక చేతినో ఒక కాలినో కదిలించగలిగాయి. మొత్తం మనిషిని నడిపించడం ఎవరివల్లా కాలేదు. లెక్కలు చేసే కోర్లు చాలక కాదు, అవి కావలసినన్ని పెట్టవచ్చు. చిక్కల్లా ఆ కోర్ల మధ్య కబుర్లు నడిచే దారులతోనే. శ్వాసను చూసే కోరు, మింగడాన్ని చూసే కోరు, చేతిని, కాలిని, కంటిని చూసే కోర్లు నిరంతరం ఒకదానితో ఒకటి మాట్లాడుకోవాలి. అన్నం మింగే క్షణంలో ఊపిరి ఆగాలి. "మింగుతున్నాను, ఆగు" అనే కబురు రెప్పపాటు ఆలస్యమైతే మెతుకు ఊపిరితిత్తుల్లోకి పోతుంది. కబురు అందితే చాలదు, వేళకు అందాలి.

ఇందుమతి కనిపెట్టింది ఆ దారుల అల్లిక. కోర్ల మధ్య నిలువుగా, అడ్డంగా సన్నని దారులు. అవి కలిసే చోట కూడళ్ళు. ఏ క్షణంలో ఏ కూడలి ఎవరికి తెరుచుకోవాలో ముందే నిర్ణయించిన పట్టిక. ఆ పట్టికలో వంతు ఉన్న కబురు ఎంత రద్దీలోనైనా ఆగదు. వంతు లేనివి ఖాళీ దొరికినప్పుడు వెళతాయి. మరీ ఆలస్యమైతే చిప్ వాటిని పారేస్తుంది. దారులు ఇంకా పెంచుదామంటే చిప్ వేడెక్కుతుంది, మెదడు కాడ పక్కన కణాలు ఆ వేడికి తట్టుకోలేవు. అందుకని వంతులు కొన్నే. శ్వాస, మింగడం, గుండె, గొంతు, కళ్ళు, చేతులు, నడకలో తూకం. వీటికి పంచేసరికి పట్టిక నిండిపోయింది. ముఖం మిగిలింది. ముఖం ఆలస్యమైతే ఎవరూ చచ్చిపోరు. ఆ సమావేశంలో దాని మీద చర్చ కూడా జరగలేదు.

*

సన్యాసిరావు తన కాళ్ళ మీద నడుచుకుంటూ వన్‌టౌన్‌లోని ఇంటికి వెళ్ళాడు. మేడ మెట్లు ఒక్కడే ఎక్కాడు. చుట్టుపక్కలవాళ్ళు చూడటానికి వచ్చారు, పత్రికలవాళ్ళు వచ్చారు. పోర్టు నుంచి ఖలాసీలు పళ్ళు తీసుకుని వచ్చి, "మాస్టారూ, మళ్ళీ ఎక్కీయండి టగ్గు" అన్నారు. వైద్య పరీక్ష పాసైతే మళ్ళీ టగ్గు ఇస్తామని పై అధికారులు కూడా చెప్పారు. అతను రోజూ బీచ్‌రోడ్డులో నడవడం మొదలుపెట్టాడు. అలల మీద ఊగే డెక్కు మీద నిలబడాలంటే కాళ్ళు గట్టిపడాలి.

కదలకుండా కూర్చుని ఉంటే అతని ముఖం ఇంచుమించు వేళకే పలికేది. నడుస్తున్నా, తింటున్నా, ఏదైనా మోస్తున్నా వెనకబడేది. ఒక్కోసారి అసలు వచ్చేదే కాదు. కనకమహాలక్ష్మి మునిసిపల్ స్కూల్లో టీచరు. సాయంత్రం ఇంటికొచ్చి స్కూలు సంగతులు చెబుతుంటే, అతను నములుతూ రాయిలా చూసేవాడు. మొదట్లో ఆమెకు కష్టంగా ఉండేది. తర్వాత ముఖం చూడటం మానేసి గొంతు వినడం అలవాటు చేసుకుంది. గొంతు మునుపటిదే.

ప్రసూనకు గొంతుతో పనిలేదు. ఆమె చిన్నప్పుడే తల్లీదండ్రీ ఇద్దరూ సైగభాష నేర్చుకున్నారు. తల్లికన్నా తండ్రికే బాగా వచ్చింది. ఇంజన్ల హోరులో ఖలాసీలతో చేతులతో మాట్లాడటం అతనికి ముందే అలవాటు. ఆ భాషలో చేతులు సగమే చెబుతాయి. మిగతా సగం ముఖంలో ఉంటుంది. చేతులు అదే మాట చెప్పినా కనుబొమలు లేస్తే ప్రశ్న, లేవకపోతే మామూలు మాట, ముఖం బిగిస్తే ఆజ్ఞ.

ఆ వేసవిలో ప్రసూన పదో తరగతి పాసైంది. జూన్‌లో రాజమండ్రిలో బధిరుల జూనియర్ కాలేజీలో చేరి హాస్టల్‌కి వెళ్ళిపోయింది. విశాఖలోనే చదవవచ్చు కదా అని కనకమహాలక్ష్మి అనుకుంది గాని, తండ్రీ కూతుళ్ళు మాట్లాడుకుని తేల్చుకున్నారని ఊరుకుంది. వెళ్ళేరోజు ప్రసూన తండ్రి వైపు చూడకుండా ఆటో ఎక్కింది. అతను మేడ మీద నిలబడి చెయ్యి ఊపాడు.

*

దసరా సెలవుల్లో ఇందుమతి వాళ్ళింటికి వచ్చింది. చిప్ ఇంటి పనుల మధ్య ఎలా నడుస్తోందో కెమెరాలో తీసుకోవాలి, కబుర్ల రద్దీని ల్యాప్‌టాప్‌లో చూసుకోవాలి. అన్నీ సరిగ్గా ఉన్నాయి. వంతు ఉన్న కబురు ఒక్కటీ ఆలస్యం కాలేదు. ఆమె సంతోషంగానే ఉంది.

హాస్టల్ నుంచి వచ్చిన ప్రసూన గుమ్మంలో కూర్చుని పువ్వులు కడుతోంది. సన్యాసిరావు ఎదురుగా నిలబడి ఏదో సైగ చేశాడు. ఆ పిల్ల తల దించుకుంది.

"చూసేరా మేడమ్," అన్నాడతను ఇందుమతితో. "వచ్చిన కాడ్నించి ఇదే వరస. నాతో మాటాడదు. హాస్టల్‌కెళ్ళి పెద్దదైపోయింది."

వంటింట్లోంచి కనకమహాలక్ష్మి గబుక్కున బయటికొచ్చింది. "ఎందుకు మాటాడుతుంది? వెళిపోమన్నది మీరే కదేటి?"

"నేనా? నేనెప్పుడన్నాను? దానికే వెళ్ళాలనుంది. వెళ్తావా అనడిగితే సంచి సర్దీసుకుంది."

"అడగలేదంట. వెళ్ళు అన్నారంట. నిన్న నా దగ్గర ఏడిసి మరీ చెప్పింది."

"మరి నువ్వప్పుడే నన్నెందుకు అడగలేదు?"

"మీరిద్దరూ మాటాడుకుని తేల్చుకున్నారనుకున్నాను. జబ్బు మనిషి, ఇంట్లో దాన్ని చూసుకోలేననుకున్నారేమో అని నేనూ ఊరుకున్నాను."

సన్యాసిరావు ముఖంలో ఏమీ కదల్లేదు. గొంతు మాత్రం వణికింది. "కనకా, ఒట్టు. నేను వెళ్తావా అనే అడిగాను."

ఇందుమతి కలగజేసుకుంది. "ఆ రోజు ఏం చేస్తూ అడిగారు?"

"ఏటి చేస్తూ అంటే... టీ తాగుతున్నాను. గ్లాసు సింకులో పెడదామని లేచాను. లేస్తూ అడిగాను."

"మళ్ళీ అలాగే చేయండి."

కనకమహాలక్ష్మి టీ తెచ్చింది. ఇందుమతి కెమెరా సరిచేసుకుంది. సన్యాసిరావు టీ తాగి, ఆఖరి గుక్క నోట్లో ఉండగానే లేచి, తిరుగుతూ ఖాళీగా ఉన్న చేత్తో సైగ చేశాడు. రాజమండ్రి. కాలేజీ. నువ్వు. వెళ్ళడం. చేయి కిందికి దిగింది. ముఖం బిగిసి ఉంది. కూతురికి వీపు చూపించి సింకు దగ్గరికి నడిచాడు, గ్లాసు పెట్టాడు. అప్పుడు అతని కనుబొమలు పైకి లేచాయి. ఎదురుగా ఉన్న గోడను ఎంతో ఆప్యాయంగా ఏదో అడుగుతున్నట్టు నిలబడ్డాడు.

ఇందుమతి ల్యాప్‌టాప్ తిప్పి ప్రసూనకు చూపించింది. ఆ అమ్మాయి చూసింది. తల్లికి సైగ చేసింది.

"మళ్ళీ చూపించమంటోంది," అంది కనకమహాలక్ష్మి.

రెండోసారి చూశాక ప్రసూన దండను పళ్ళెంలో వదిలేసి లోపలి గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది.

"తప్పు ఆయనది కాదు," అంది ఇందుమతి. "మింగడం, లేవడం, తిరగడం అన్నీ ఒక్కసారి మీద పడ్డాయి. ముఖానికి దారి దొరకలేదు. చిప్‌ను నేనే అలా పెట్టాను."

"ఎందుకలగ పెట్టేరు?" అని అడిగింది కనకమహాలక్ష్మి. నిష్ఠూరంగా కాదు, తెలుసుకుందామనే అడిగింది.

ఇందుమతి దగ్గర సమాధానం ఉంది. ముఖం ప్రాణానికి అవసరం కాదనుకున్నాం. కాని ఆ ఇంట్లో నిలబడి ఆ మాట అనలేకపోయింది.

"మరి బాగుచెయ్యండి," అన్నాడు సన్యాసిరావు.

*

ఆ తర్వాతి వారాల్లో తండ్రీ కూతుళ్ళు వాళ్ళ ప్రయత్నం వాళ్ళు చేశారు. ప్రశ్న అడిగినప్పుడల్లా గాలిలో వేలితో ప్రశ్న గుర్తులాంటి ఒక కొక్కెం గీయాలని అనుకున్నారు. ప్రశ్నల వరకు అది పనిచేసింది. ప్రసూన హాస్టల్ నుంచి తల్లి ఫోనుకు వీడియో కాల్ చేసేది. ఒకసారి తండ్రి అన్నం నములుతూ ఆమె హాస్టల్ స్నేహితురాలి గురించి ఏదో అన్నాడు. అది వేళాకోళమో నిజంగా తప్పుపడుతున్నాడో ఆ అమ్మాయికి తెలియలేదు. అతని ముఖం మారుతుందేమోనని చూసింది. మారలేదు. ఆ కబురును చిప్ పారేసింది.

"వస్తుందో రాదో తెలియనిదాని కోసం ఎంతసేపు చూడాలి?" అని తల్లిని అడిగింది. "వేళాకోళానికో కొక్కెం, కోపానికో కొక్కెం, ప్రేమకో కొక్కెం గీయమంటారా?"

ల్యాబులో ఇందుమతి పట్టికను విప్పి మళ్ళీ మళ్ళీ అల్లింది. ముఖానికి ఖాయంగా వంతులు ఇవ్వాలంటే ఎవరి దగ్గర్నుంచో తీసుకోవాలి. కొన్ని కబుర్లను కుదించి చూసింది. దూరంగా ఉన్న కోర్లను దగ్గరికి జరిపి చూసింది. అన్నీ ఒక్కసారే మీద పడే క్షణం ఒకటి ఎప్పుడూ మిగిలేది. ఆ క్షణంలో ఎవరో ఒకరు ఆగక తప్పదు.

చివరికి రెహానా గదిలోకి వెళ్ళి చెప్పింది: "నడకలో తూకానికి ఇచ్చిన వంతులు తగ్గిస్తే సరిపోతుంది."

రెహానా చదువుతున్న రిపోర్టు పక్కన పెట్టింది. "తగ్గిస్తే?"

"కూర్చున్నప్పుడు ఏ తేడా ఉండదు. నెమ్మదిగా కర్ర పట్టుకుని నడవగలడు. కాని సైగలు చేస్తూ, ముఖం పలుకుతూ ఉన్నప్పుడు కాళ్ళకు భరోసా ఉండదు. ఏదైనా ఆనుకోవాలి. ఊగే నేల మీద అసలు నిలబడలేడు."

"ఆయన వచ్చే నెల టగ్గు పరీక్షకు వెళ్తున్నాడు, తెలుసా?"

"తెలుసు."

"కనుబొమల కోసం కాళ్ళు తీసుకుంటావా ఇందూ? నేను తొమ్మిది గంటలు నిలబడి ఆపరేషన్ చేసింది ఆయన లేచి నడవాలని. ప్రపంచంలో ఇప్పటిదాకా ఎవరూ అలా నడవలేదు."

"నేను తీసుకోను. ఆయన్నే అడుగుదాం."

రెహానా కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టింది. "శ్వాస జోలికి, మింగడం జోలికి వెళ్తే మాత్రం నేను ఒప్పుకోను. మిగతాది ఆయన ఒళ్ళు, ఆయన ఇష్టం. నువ్వే చెప్పు. నేను చెప్పలేను."

*

ఇందుమతి ఆ సంగతి చెప్పినప్పుడు సన్యాసిరావు ఫిషింగ్ హార్బర్ గట్టు మీద కూర్చుని ఉన్నాడు. దూరంగా రెండు టగ్గులు ఒక బొగ్గు ఓడను హార్బర్లోకి వచ్చే కాలువలోకి, చానల్లోకి, తీసుకొస్తున్నాయి. ఆమె చెప్పినంతసేపూ అతను వాటినే చూశాడు.

"చానలు ఇరుకు. రెండు ఓడలు ఎదురెదురుగా పట్టవు. అంతే కదేటి మేడమ్?"

"అంతే."

"ఇంకా వెడల్పు తవ్వలేరు."

"వేడి పెరుగుతుంది. మెదడు తట్టుకోదు."

అతను లేచి నిలబడ్డాడు. కోపం వచ్చింది. అది ముందు గొంతులోకి వచ్చింది. "నా కాళ్ళు నాకిచ్చి, టగ్గు ఎక్కొచ్చని చెప్పి, ఇప్పుడు దిగిపోమంటారు. ఇరవయ్యేళ్ళ నుంచి నీళ్ళ మీదే ఉన్నాను. గట్టు మీద నేనేటి చేస్తాను? బఠానీలు అమ్ముకుంటానా?"

"మిమ్మల్ని మార్చుకోమని చెప్పడం లేదు. ఇప్పుడున్నట్టే ఉంచుకోవచ్చు."

అతను గట్టు వెంట నడిచి వెళ్ళిపోయాడు. కొంత దూరం పోయాక, ఎవరూ చూడని చోట, కోపం అతని ముఖంలోకి వచ్చింది.

ఇంట్లో రెండు రోజులు ఆ ఊసే ఎత్తలేదు. మూడో రోజు బట్టలు మడతపెడుతున్న భార్యను అడిగాడు. "నువ్వేటంటావు?"

"నన్నడగొద్దు."

"నిన్ను కాపోతే ఎవర్నడగను?"

ఆమె చొక్కా మడతపెట్టడం ఆపింది. "మీరు టగ్గు మీదుంటేనే మనిషిలాగుంటారు. నాకు తెలుసు. ఇంట్లో కూకుంటే నన్ను కాల్చుకు తింటారు, అదీ తెలుసు. మీ మొహం లేకపోయినా నాకు గడిచిపోతంది, గొంతుంది కదా. మన పిల్లకేటుంది? అదొక్కటే నేను చెప్పగలను. ఆపైన మీ ఇష్టం."

అతను మరో నాలుగు రోజులు బీచ్‌రోడ్డులో నడిచాడు. తర్వాత ఇందుమతికి ఫోను చేశాడు. "వస్తాను మేడమ్. కాని పరీక్ష అయ్యాక. పాసైతేనే వస్తాను."

ఇందుమతికి అర్థం కాలేదు. "పాసైతేనా?"

"ఫెయిలయ్యి వచ్చేననుకోండి. ఎలాగూ పోయిందే కదా, అందుకొచ్చేడు అన్నట్టుంటుంది. అలగొద్దు."

అతను పరీక్ష పాసయ్యాడు. ఊగే నిచ్చెన మీద పైకీ కిందికీ ఎక్కి దిగాడు. తడి డెక్కు మీద తాడు భుజాన వేసుకుని నడిచాడు. పోర్టు డాక్టరు చేయి కలిపి అభినందించాడు. ఆ వారమే అతనికి టగ్గు ఇచ్చారు. ఒక ఎరువుల ఓడ వచ్చింది. గాలి తూర్పు నుంచి కొంచెం గట్టిగా వీస్తోంది. చానల్ మలుపు దగ్గర ఓడ వెనక భాగం గట్టు వైపు జరిగిపోతుంటే సన్యాసిరావు టగ్గును దాని పక్కకు తెచ్చి ఆనించి, ఇంజన్ పూర్తిగా పెంచి, మెల్లగా మధ్యలోకి నెట్టాడు. ఓడ బెర్తు చేరింది. ఓడ మీద ఉండి హార్బర్లో దారి చూపే పైలట్ రేడియోలో "థ్యాంక్యూ మాస్టర్" అన్నాడు. సన్యాసిరావు కాసేపు చక్రం మీంచి చేతులు తీయలేదు.

దిగేటప్పుడు ఖలాసీలు "రేపు ఎన్నింటికి మాస్టారూ?" అని అడిగారు. "రేపు రాను," అన్నాడు. మర్నాడు పరిశోధన కేంద్రానికి వెళ్ళాడు.

*

పట్టిక మార్చాలంటే చిప్‌ను ఆపాలి. ఆపినంతసేపూ అతను మళ్ళీ పాత స్థితికి వెళ్ళాలి. మెదడు సంకేతాలను సరిచూసుకోవాలి కనుక మత్తు ఇవ్వడం కుదరదు. రెహానా అతని గొంతులో గొట్టం వేసి, వెంటిలేటర్ తగిలించి, "ఆపు" అంది. ఇందుమతి ఆపింది. మంచం మీది శరీరం ఒక్కసారిగా బరువెక్కినట్టు పరుపులోకి కుంగింది. మెలకువగా ఉన్న మనిషిని అలా చూడటం ఆమెకు అదే మొదటిసారి. సేతువు అమర్చకముందు అతను అలా ఉన్నప్పుడు ఆమె ఎప్పుడూ స్క్రీనునే చూసేది. కనకమహాలక్ష్మి అతని అరచేతిని తన రెండు చేతుల మధ్య పెట్టుకుని స్కూల్లో పిల్లల గొడవ ఏదో చెబుతూ కూర్చుంది. కొత్త పట్టిక ఎక్కడం పూర్తయ్యేదాకా ఆమె మాట ఆపలేదు.

తర్వాత అతను నీళ్ళు మింగాడు. ఊపిరి సరిగ్గా ఆగింది, సరిగ్గా మొదలైంది. లేచి నిలబడ్డాడు. రెహానా అతన్ని సైగలతో ఏదైనా చెప్పమంది. చేతులు లేచాయి, కనుబొమలు లేచాయి, మోకాళ్ళు సడలాయి. ఫిజియోథెరపిస్టు భుజాల కింద పట్టుకున్నాడు.

"ఊఁ," అంది రెహానా. ఒక చేతికర్ర తెచ్చి ఇచ్చింది. ఆమె దాన్ని ముందే తెప్పించి పెట్టింది.

*

ప్రసూన ఆ నెలాఖరు శనివారం వచ్చింది. కొత్త పట్టిక ఇంట్లో ఎలా పనిచేస్తోందో చూడటానికి ఆదివారం పొద్దున్నే ఇందుమతి కూడా కెమెరాతో వచ్చింది. తల్లి అప్పటికే అంతా చెప్పేసింది. ప్రసూన తండ్రికి ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుంది. ఆమె చేతులు వేగంగా కదిలాయి. ఇందుమతి కోసం కనకమహాలక్ష్మి పక్కన నిలబడి చెప్పసాగింది.

"టగ్గెందుకు వదిలీసేవు, నేనడిగానా, అంటోంది."

సన్యాసిరావు చేతులు బదులిచ్చాయి. వాటితోపాటు, అదే క్షణంలో, కనుబొమలు, పెదవులు, బుగ్గలు.

"అడగలేదు, అంటున్నారు. మరి నా మీదెందుకు వేస్తావ్ ఈ బరువంతా, అంటోంది ఇది. నీ మీదెవరేసేరు, నా టగ్గు నా ఇష్టం, అంటున్నారు. నువ్వెప్పుడూ ఇంతే, చెప్పా పెట్టకుండా..." కనకమహాలక్ష్మి అందుకోలేకపోయింది. ఇద్దరి చేతులూ ఒకదాని మీదొకటి పడుతున్నాయి. ప్రసూన ముఖం ఎర్రబడింది. సన్యాసిరావు నొసలు ముడిపడింది, పళ్ళు బిగిశాయి, ఒక కన్ను చికిలించి ఏదో వెటకారం చేశాడు. ప్రసూనకు కోపంలోనే నవ్వొచ్చింది. ఆ నవ్వు ఆగకముందే అతనూ నవ్వాడు.

కనకమహాలక్ష్మి కొంగుతో ముక్కు తుడుచుకుంది. "ఏటనుకుంటున్నారో నాకూ సగం అర్థం కాలేదు మేడమ్."

గొడవ సద్దుమణిగాక సన్యాసిరావు నెమ్మదిగా ఒక మాట అడిగాడు. అది ప్రశ్నేనని ఈసారి ఇందుమతికి కూడా తెలిసింది.

"ఇంటికొచ్చీ, ఇక్కడే కాలేజీలో చేరతావా, అనడుగుతున్నారు."

ప్రసూన చేతులు ఈసారి మెల్లగా కదిలాయి. కనకమహాలక్ష్మి గొంతు తగ్గించింది. "రాను, అంటోంది. అక్కడ అందరూ చేతుల్తోనే మాటాడతారంట. మెస్సులో, మెట్ల మీద, బట్టలుతికే చోట. ఏ మాటా రెండోసారి చెప్పక్కర్లేదంట. మొదట ఏడుస్తూ వెళ్ళేను, ఇప్పుడు అక్కడే బాగుంది నాన్నా, అంటోంది."

సన్యాసిరావు ముఖం వాడిపోయింది. పాత పట్టిక అయితే అది తర్వాతెప్పుడో వచ్చేది. అతను అటు తిరిగేవాడు, ఆమె చూసేది కాదు. ఇప్పుడు ఆమె చూస్తుండగానే పెదవుల చివరలు కిందికి జారాయి, కళ్ళు చిన్నవయ్యాయి. సర్దుకుందామని ప్రయత్నించాడు. ఆ ప్రయత్నం కూడా కనిపించింది.

ఇందుమతి కెమెరా కట్టేసింది. కావలసినది అప్పటికే దొరికింది. దొరక్కపోయినా కట్టేసేదే.

ప్రసూన మాట మార్చుకోలేదు. కుర్చీ ఇంకా దగ్గరికి జరుపుకుని, తండ్రి మోకాలి మీద చేయి వేసి, రెండో చేత్తో చిన్నగా ఏదో చెప్పింది. ఇందుమతి కనకమహాలక్ష్మి వైపు చూసింది.

"అది మనకి కాదులెండి," అంది ఆమె. "పదండి, కాఫీ ఇస్తాను."

మధ్యాహ్నం భోజనం అయ్యాక ప్రసూన బయలుదేరింది. సన్యాసిరావు బస్టాపు దాకా వస్తానన్నాడు. తల్లి వద్దంది, కూతురు వద్దంది. అతను కర్ర తీసుకున్నాడు.

కాసేపటికి ఇందుమతి కూడా కారులో బయలుదేరింది. వీధి చివర వాళ్ళిద్దరూ కనిపిస్తే, కారును వాళ్ళ వెనకే నెమ్మదిగా పోనిచ్చింది. నడుస్తున్నంతసేపు వాళ్ళ మధ్య మాటల్లేవు. అతను కర్ర మీద దృష్టి పెట్టి అడుగులు వేస్తున్నాడు. ఏదైనా చెప్పాలనిపిస్తే ఆగి, ఏ గోడకో కరెంటు స్తంభానికో వీపు ఆనించి, కర్రను కూతురి చేతికిచ్చి, రెండు చేతులూ ఖాళీ చేసుకుని చెబుతున్నాడు. తర్వాత మళ్ళీ నడక. వాళ్ళు చాలాసార్లు ఆగారు.

వాళ్ళు బస్టాపు చేరేసరికి ఇందుమతి కారు వెనకే, రాజమండ్రి బస్సులు దొరికే కాంప్లెక్స్‌కు వెళ్ళే సిటీ బస్సొచ్చింది. "కాంప్లెక్స్, కాంప్లెక్స్!" అని కండక్టరు తలుపులోంచి అరిచాడు. సన్యాసిరావు బస్టాపు స్తంభానికి ఆనుకుని నిలబడ్డాడు. చేతులు గాలిలో ఉన్నాయి. ముఖం నిండా ఏదో కథ నడుస్తోంది, కళ్ళు పెద్దవై, బుగ్గలు పొంగి. ప్రసూన చంకలో కర్ర ఇరికించుకుని, సంచి నేల మీద పెట్టి, అతని ముఖంలోకి చూస్తోంది.

"ఎక్కుతారా లేదా బాబూ?" అని కండక్టరు మళ్ళీ అరిచాడు. ఆ అమ్మాయికి వినపడలేదు. అతను వినిపించుకోలేదు.

కండక్టరు విజిలేశాడు. బస్సు వెళ్ళిపోయింది. సన్యాసిరావు ఇంకా వాక్యం మధ్యలోనే ఉన్నాడు.